తూకం కాగితంలో లేని ఇరవై అయిదున్నర కిలోలు

పదాతిదళంలో అన్నిటికంటే చిన్న జట్టును సెక్షన్ అంటారు. అందులో పదిమంది. ఆ పదిమంది గురించి రాసేవాళ్లు మొదట ధైర్యం గురించి రాస్తారు, తర్వాత త్యాగం గురించి రాస్తారు. బరువు గురించి ఎవరూ రాయరు. నిజానికి పొద్దున లేచింది మొదలు వాళ్లు మాట్లాడుకునేది బరువు గురించే. ఎవడి వీపు మీద ఏముంది, ఎవడి భుజం ఎక్కడ ఒరుసుకుపోయింది, ఎవడి బూటులో ఏ గోరు ఊడింది. ధైర్యం అవసరపడే రోజు ఉద్యోగం మొత్తంలో ఒక్కసారి కూడా రాకపోవచ్చు. బరువు మాత్రం రోజూ వస్తుంది.

ఈ సెక్షన్‌లో ఒకడు కమాండర్, ఇంకొకడు అతని తర్వాతివాడు. ఒకడు మెషిన్‌గన్ పేలుస్తాడు. ఒకడిది రేడియో, ఒకడిది దూరపు గురి, ఒకడిది గ్రెనేడ్లు పేల్చే గొట్టం, ఒకడిది గాయాలకు కట్టు కట్టే పని. ఇద్దరు మామూలు రైఫిల్ వాళ్లు. మిగిలినవాడు మెషిన్‌గన్‌కి రెండో నంబరు. అంటే పేల్చేవాడి పక్కన బోర్లా పడుకుని తూటాల బెల్టు అందించాలి, కాలిన గొట్టం ఊడదీసి కొత్తది బిగించాలి. ఆ తూటాలనీ ఆ గొట్టాన్నీ అక్కడిదాకా మోసుకురావాల్సింది కూడా అతనే.

ఈ రెండో నంబరుకి ముప్పై ఎనిమిదేళ్లు. ఆరడుగుల మనిషి, గుమ్మంలో నిలబడితే గదిలోకి వెలుతురు రాదు. సెక్షన్‌లో అతన్ని లారీ అంటారు. ఈ పని మొదలుపెట్టి తొమ్మిదేళ్లు. నెలకోసారి ఇరవై కిలోమీటర్ల మార్చ్ ఉంటుంది, నాలుగు గంటల్లో పూర్తి చేయాలి. బయల్దేరే ముందు గేటు దగ్గర కాటా మీద ఒక్కొక్కరి సంచి పెట్టి తూస్తారు. ఇరవై ఆరు కిలోలు దాటకూడదు, తగ్గకూడదు. తూకం కాగితం మీద ఎవరి సంతకం వాళ్లు పెట్టాలి. తర్వాత ఒకరి బరువు ఇంకొకరికి ఇస్తే నేరం. అలా అని గేటు పక్కన బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది.

ఆ రోజు మార్చ్ పూర్తయ్యాక లారీని ఇద్దరు రైఫిల్ వాళ్లు చెరో రెక్క పట్టుకుని ఇంటికి తెచ్చారు. ఎడమ పాదం ముందుకు వేస్తుంటే మడమ కంటే ముందు వేళ్లు నేలకి టపటపా కొట్టుకుంటున్నాయి. తడి గుడ్డని బండకేసి కొట్టినట్టు.

"ఏమైంది?" అంది భార్య గుమ్మంలోనే.

"తిమ్మిరెక్కింది. గంట పడుకుంటే అదే పోతుంది."

ఇంకొకడు అతని సంచిని ఈడ్చుకొచ్చి గుమ్మం పక్కన వదిలాడు. "జాగ్రత్త వదినా, ఎత్తబోయేవు, నడుం పట్టేస్తుంది," అని నవ్వి వెళ్లిపోయాడు.

ఆమె పని క్వార్టర్స్ వెనక వీధిలో ఉన్న లాండ్రీలో, తూకం దగ్గర. హోటళ్ల దుప్పట్లు, ఆసుపత్రి పక్క గుడ్డలు మూటలు కట్టి వస్తాయి. తూచి, చీటీ రాసి, సంతకం పెట్టించుకుని లోపలికి పంపుతుంది. బట్టలు తిరిగి వెళ్లేటప్పుడూ అంతే. పదమూడేళ్లుగా మూటలెత్తిన చేయి అది. చేత్తో ఎత్తి చెప్పిన బరువుకీ కాటా చెప్పిన బరువుకీ కిలో కంటే ఎక్కువ తేడా ఎన్నడూ రాలేదు.

సంచి పట్టీ పట్టుకుని లాగింది. కదల్లేదు. రెండు చేతులతో లాగింది. సంచి రాలేదు కానీ ఆమె ముందుకు తూలింది.

వెనక వీధికి వెళ్లి లాండ్రీ బండి తెచ్చింది, పక్కింటావిడని సాయం పిలిచి సంచిని దానిమీదికి దొర్లించింది, తోసుకుంటూ తీసుకెళ్లి కాటా మీద పడేసింది. ముల్లు యాభై ఒకటిన్నర దగ్గర ఆగింది. దించి మళ్లీ ఎక్కించింది. యాభై ఒకటిన్నరే. సంచి దింపి తను ఎక్కి నిలబడింది. నలభై తొమ్మిది.

ఇంటికొచ్చేసరికి లారీ మంచం మీద వెల్లకిలా పడుకుని పాదాన్ని చేత్తో వంచి చూసుకుంటున్నాడు.

"గేటు దగ్గర ఎంత తూగింది?"

"ఇరవై ఆరు. ఎప్పుడూ ఇరవై ఆరే."

"ఇప్పుడెంతుందో తెలుసా?"

"ఏమో. ముప్పై అయిదో, ఆ పైన కాస్తో."

"యాభై ఒకటిన్నర."

అతను ముందు నవ్వాడు. తర్వాత, "మీ కాటా పాడై ఉంటుంది," అన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమెని అంత పెద్ద మాట అనలేదు. ఆమె కళ్లు చూశాక నవ్వు ఆగిపోయింది.

అతనికీ తెలియదు మరి. తొమ్మిదేళ్లు మోసినవాడికి ఎంత మోస్తున్నాడో తెలియదు. గేటు దాటాక ఎక్కడా కాటా లేదు.

"నన్ను వీపున వేసుకుని తిరుగుతున్నారన్నమాట," అంది ఆమె. "నన్నూ, చంకలో రెండున్నర కిలోల పిల్లనీ."

విషయం ఇదీ. అయిదు కిలోమీటర్ల దగ్గర మొదటి విరామం, పది నిమిషాలు. అప్పుడొకడు వచ్చి, "అన్నా, ఇదొక్కటి," అంటాడు. "పెట్టు," అంటాడు లారీ. రెండో విరామంలో మరొకడు. ఇచ్చిన ప్రతివాడికీ తను ఇచ్చింది ఎంతో తెలుసు. మిగతావాళ్లు కూడా ఏదో ఇస్తున్నారనీ తెలుసు. కూడినవాడు మాత్రం ఒక్కడూ లేడు. ఎవరూ దాచలేదు, ఎవరూ కుట్ర చేయలేదు. పదిమంది తెలివైన మనుషులు తొమ్మిదేళ్లపాటు ఒక చిన్న కూడిక చేయలేదు, అంతే.

"మీరెందుకు ఒప్పుకున్నారు?"

పాదం వైపు చూశాడు, గోడ వైపు చూశాడు. చివరికి, "నాకు గురి లేదు," అన్నాడు.

"అంటే?"

"కాల్చలేను. ఏటా పరీక్షలో అందరికీ ఒకసారితో అయిపోతుంది. నాకు మూడుసార్లు పడుతుంది. నాలుగోసారి ఉండదు. తీసేస్తే స్టోరు గదికి పంపిస్తారు, బూట్ల జతలు కలుపుకుంటూ కూర్చోవాలి. మోసేవాణ్ణయితే ఎవరూ తీసెయ్యమనరు కదా."

ఇక్కడ త్యాగం అన్న మాట కోసం తడుముకునేవాళ్లని నిరాశపరచక తప్పదు. అతను తోటివాళ్ల కోసం మోయలేదు. తన చోటు తనకి ఉండాలని మోశాడు. సెక్షన్‌లో ఉండటానికి పనికొచ్చేది తన దగ్గర వీపు ఒక్కటే అనుకున్నాడు. మంచితనం కంటే భయమే ఎక్కువ దూరం నడిపిస్తుంది, ఎక్కువ బరువూ మోయిస్తుంది.

అదే సాయంత్రం అయిదింటి నుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. సోమవారం స్టోరులో ఎవరి సామాను వాళ్లు అప్పగించాలి. సంచి లాండ్రీలోనే ఉందని తెలిసి నేరుగా అక్కడికే వచ్చారు, ఒక్కొక్కరూ విడివిడిగా.

ముందు రేడియో వాడు. "వదినా, అన్న సంచిలో నాదో చిన్న వస్తువు ఉండిపోయింది."

"ఏంటది?"

"బ్యాటరీలు. రెండే."

తీసి కాటా మీద పెట్టింది. మూడు కిలోల రెండు వందలు. చీటీ రాసి, బ్యాటరీలకి లాండ్రీ బిళ్ల కట్టి, పుస్తకం తిప్పి వాడి ముందు పెట్టింది.

"సంతకమెందుకు వదినా?"

"ఇక్కడ తూకం లేకుండా ఏదీ బయటికి పోదు. దుప్పటైనా అంతే, బ్యాటరీ అయినా అంతే."

నవ్వుతూ సంతకం పెట్టాడు. తర్వాత గ్రెనేడ్ వాడు, ఇనుము నింపిన నాలుగు ప్రాక్టీసు గుండ్లకి, నాలుగు కిలోలు. రైఫిల్ వాళ్లలో ఒకడు నీళ్ల క్యానుకి, అయిదు కిలోలు. "నీళ్లు కూడానా?" అని ఆమె అడిగితే, "దాహమేసినప్పుడు అన్న పక్కనే ఉంటాడుగా," అన్నాడు, ఎంతో సబబైన మాట చెప్పినట్టు. రెండో రైఫిల్ వాడిది పార, తాడు. కట్లు కట్టేవాడివి సెలైన్ సీసాలు. దూరపు గురివాడిది టెలిస్కోపు, తుపాకీ కింద పెట్టుకునే ఇసుక సంచి. కమాండర్ తర్వాతివాడిది టెంటు గుడ్డ. ఆఖరున కమాండర్ వచ్చాడు, తలుపు దగ్గరే నిలబడి, "చెల్లెమ్మా, నా బైనాక్యులర్ స్టాండు..." అని ఆగాడు.

"రెండు కిలోల నాలుగు వందలు. ఇక్కడ సంతకం పెట్టండి అన్నయ్యా."

ఎనిమిది చీటీలు. అందరూ వాడింది అవే రెండు మాటలు: చిన్నది, ఒక్కటి. పుస్తకం మూసి ఆమె కుర్చీలో కూలబడింది. సంచిలో ఇంకా ఇరవై ఆరు కిలోలున్నాయి. అవి మాత్రమే అతనివి.

మర్నాడు సైనిక ఆసుపత్రిలో నడుం స్కాన్ తీశారు. చూసిన సర్జన్ ముందు కవరు మీద పేరు సరిచూసుకున్నాడు, తర్వాత వయసు సరిచూసుకున్నాడు.

"డెబ్భై ఏళ్ల వెన్నెముక ఇది," అన్నాడు. "రెండు డిస్కులు పక్కకి జరిగి కాలి నరాన్ని నొక్కేస్తున్నాయి. మూడు వారాల్లోపు ఆపరేషన్ జరిగితే పాదం లేస్తుంది. ఆలస్యమైతే లేస్తుందని నేను మాటివ్వలేను."

లారీకి అర్థమైంది ఇంతే: మూడు వారాలు. కానీ ఆపరేషన్‌కి ముందు మెడికల్ బోర్డు కూర్చోవాలి. ఉద్యోగం వల్ల వచ్చిన జబ్బని బోర్డు రాస్తే సైనిక ఆసుపత్రిలో వారంలో పనైపోతుంది. కాదని రాస్తే బయటి ఆసుపత్రి వరసలో నిలబడాలి. ఆ వరస నాలుగు నెలలు.

బోర్డు తేదీ పన్నెండో రోజుకి వచ్చింది. ముందురోజు లారీ భార్య చేతులు పట్టుకున్నాడు. "ఆ చీటీల సంగతి ఎత్తావంటే నా మీద ఒట్టే. కమాండర్ చొక్కా మీది హోదా చార ఊడుతుంది. ఎనిమిదిమందికీ శిక్ష పడుతుంది. నేనిక సెక్షన్ ముఖం చూడలేను."

"కాలు?"

"బోర్డువాళ్లు డాక్టర్లు. స్కాన్ చూస్తే వాళ్లకే తెలుస్తుంది."

వాళ్లు స్కాన్ చూశారు. తూకం కాగితాలు కూడా చూశారు. తొమ్మిదేళ్లకి నూట ఎనిమిది కాగితాలు. ప్రతిదానిమీదా ఇరవై ఆరు, కింద అతని సంతకం. బోర్డు పెద్ద ఒక డాక్టరమ్మ, యాభై దాటిన మనిషి, అనవసరంగా ఒక్క మాట మాట్లాడదు.

"తోటివాళ్ల బరువు ఎప్పుడైనా మోశారా?"

"లేదు మేడమ్."

కమాండర్ని పిలిచి అడిగారు. అతనూ లేదన్నాడు, నేల చూస్తూ.

"మీ భార్య ఎక్కడ పనిచేస్తారు?" అంది డాక్టరమ్మ.

చెప్పాడు. పక్కనున్న ఇద్దరు డాక్టర్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. రెండు రోజులకి కాగితం వచ్చింది. ఉద్యోగంతో సంబంధం లేదు. సెలవు సమయాల్లో లాండ్రీ మూటలు మోయడం వల్ల కలిగినట్టు భావించడమైనది.

ఆ కాగితం ఆమె మూడుసార్లు చదివింది. లాండ్రీలో ఆయన అడుగుపెట్టింది జీవితంలో రెండుసార్లు, అదీ గొడుగు ఇవ్వడానికి.

"ఒట్టు మీ మీద వేయించుకున్నారు. మరి నా మూటల మీద నింద వేస్తారని మీకు తెలుసా?" అంది. ఆమె చీటీల పుస్తకం సంచిలో వేసుకుని ఆసుపత్రికి వెళ్లింది. రెండు పూటలు బయట బల్ల మీద కూర్చుంది. డాక్టరమ్మ గదిలోంచి బయటికొచ్చినప్పుడు లేచి పుస్తకం చేతికిచ్చింది. డాక్టరమ్మ నడుస్తూనే మొదటి చీటీ చూసింది. నాలుగో చీటీకి నడక ఆపింది. ఎనిమిదోది చూసి గోడకి ఆనుకుంది.

"ఇవన్నీ ఒకే రోజువా?"

"ఒకే సాయంత్రానివి మేడమ్."

బోర్డు మళ్లీ కూర్చునేసరికి ముప్పై రెండో రోజు. ఈసారి సెక్షన్ మొత్తాన్ని రమ్మన్నారు, ఆ రోజు ఎవరు ఏమిచ్చారో అది చేత్తో పట్టుకుని రమ్మన్నారు. గది మధ్యలో స్టోరు నుంచి తెచ్చిన కాటా. లారీ ఒక మూల కుర్చీలో కూర్చున్నాడు.

"పెట్టండి," అంది డాక్టరమ్మ.

రేడియో వాడు బ్యాటరీలు పెట్టాడు. "మూడు కిలోలే మేడమ్ నావి," అన్నాడు, తనంతట తనే.

"చీటీలో ఉంది. తర్వాత."

గుండ్లు, నీళ్ల క్యాను, పార, తాడు. ఒక్కొక్కటి పడుతుంటే ముల్లు జరుగుతోంది. సెలైన్ సీసాలు పెట్టేసరికి గ్రెనేడ్ వాడు రేడియో వాడి మోచేయి పట్టుకున్నాడు. టెంటు గుడ్డ పెట్టినవాడు వెనక్కి జరిగి గోడ తగిలి ఆగాడు. కమాండర్ స్టాండు పెట్టి చేయి తియ్యడం మరిచిపోయాడు.

"చెయ్యి తియ్యండి. తూకం తప్పొస్తుంది."

ఇరవై అయిదున్నర.

"దీని కింద ఇంకో ఇరవై ఆరు వేసుకోండి," అంది డాక్టరమ్మ.

నీళ్ల క్యానువాడు లారీ వైపు తిరిగి, "అన్నా, చెప్పొచ్చుగా..." అని మధ్యలోనే ఆపేశాడు. ఏం చెప్పాలి? కూడి చెప్పాలా?

మెషిన్‌గన్ పేల్చేవాడు మాత్రం చేతులు ఖాళీగా పెట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. "నేను ఏనాడూ ఏమీ ఇవ్వలేదు మేడమ్."

"ఆయన పక్కన నడిచేది మీరే కదా?"

"అవును."

"ఆయనకి ఇవ్వడం చూశారా?"

"చూశాను."

"ఎన్నేళ్లు?"

అతని నిటారుతనం అక్కడితో అయిపోయింది.

"మీ ఎనిమిదిమంది సంతకాలూ రెండుచోట్ల ఉన్నాయి," అంది డాక్టరమ్మ ఫైలు మూస్తూ. "గేటు కాగితం మీదా, లాండ్రీ చీటీ మీదా. లాండ్రీదే నిజం. మొదటిసారి ఆ లాండ్రీ మీదే నేను నింద రాశాను. దాన్ని కొట్టేస్తున్నాను."

ఉద్యోగం వల్లనే అని రాశారు. కమాండర్ చార ఊడింది. మిగతావాళ్లకి ఆరు నెలలు సెలవులు రద్దు. ఆ రాత్రి అన్నం దగ్గర లారీ, "నా బతుకు వీధిలో పెట్టావు," అన్నాడు. "కాలు వీధిలో ఈడ్చుకోకూడదనే," అంది ఆమె. తర్వాత ఆపరేషన్ దాకా ఇద్దరూ మాట్లాడుకోలేదు.

ఆపరేషన్ ముప్పై ఏడో రోజున జరిగింది. నొప్పి పోయింది. పాదం లేవలేదు. సర్జన్ రోజూ వచ్చి, "వేళ్లు పైకి లేపండి," అనేవాడు, లేపడానికి లారీ ఊపిరి బిగబట్టేవాడు, సర్జన్ కాగితం మీద సున్నా వేసి వెళ్లేవాడు. నాలుగో వారంలో సున్నాలు వేయడం మానేశాడు.

ఈలోపు డాక్టరమ్మ ఒక పని చేసింది. క్యాంపులో ఇంకో పన్నెండు సెక్షన్లున్నాయి. ఆ నెల మార్చ్ ముగిసే చోట, ఎవరికీ చెప్పకుండా, ఒక కాటా పెట్టించింది. ఫలితం వార్డుకి మోసుకొచ్చింది కాలికి వ్యాయామం చేయించే నర్సు. పన్నెండింటిలో పదకొండు సెక్షన్లలో ఒక్కొక్కడి సంచి నలభై దాటింది. సరిగ్గా ఒక్కొక్కడిదే. మిగతావాళ్లవి ఇరవై మూడు, ఇరవై నాలుగు.

"ప్రతి సెక్షన్‌లోనూ ఉన్నాడా?" అన్నాడు లారీ.

"ఒక్కదాంట్లో లేడు. ఆ సెక్షన్ గడువులోపు రాలేకపోయింది."

అతను దుప్పటి మెడదాకా లాక్కున్నాడు. బాధ పడ్డాడని నర్సు అనుకుంది. బాధే, కానీ ఆమె అనుకున్నది కాదు. లోకంలో ఇంత మోసేవాడు తనొక్కడే అనుకున్నాడు తొమ్మిదేళ్లూ. ఆ ఒక్క గొప్పా పోయింది.

రెండు రోజులకి పక్క మంచం మీదికి ఒకణ్ణి తెచ్చారు. ఇరవై తొమ్మిదేళ్లవాడు, మెడ ఎద్దు మెడ. పడుకోకుండా మంచం అంచున కూర్చుని బూట్లు ఎక్కడున్నాయని అడుగుతున్నాడు.

"నువ్వేనా అన్నా లారీవి?" అన్నాడు. "నన్ను మా సెక్షన్‌లో క్రేన్ అంటారు."

"ఎంత?"

ఏమిటెంత అని వాడు అడగలేదు. "నలభై ఏడు."

"నాది యాభై ఒకటిన్నర," అన్నాడు లారీ, గొంతులో కాస్త దర్జా ఊరి.

"వానలో తడిస్తే నాదీ యాభై అవుతుంది. తడి కలిపి చూడలేదు వాళ్లు."

ఇద్దరూ నవ్వుకున్నారు. నర్సు ఆపరేషన్ ఒప్పుకోలు కాగితం తెచ్చి క్రేన్ ముందు పెట్టింది. ఈసారి బోర్డు కోసం ఎవరూ ఆగలేదు. ఆ ఏర్పాటు కూడా డాక్టరమ్మదే.

"నాకొద్దమ్మా," అన్నాడు క్రేన్. "బొటనవేలు మొద్దుబారింది, అంతే. వచ్చే నెల మార్చ్ ఉంది. నేను లేకపోతే మావాళ్లు గడువులోపు రాలేరు."

"ఎన్నాళ్లయింది మొద్దుబారి?" అన్నాడు లారీ.

"నాలుగు రోజులు."

లారీ దుప్పటి తీసేశాడు. ఎడమ కాలు మంచం మీంచి కిందికి వేశాడు. పాదం చెట్టుకి వేలాడే ఎండుటాకులా కిందికి వాలింది.

"దీన్ని లెమ్మని చెప్పు."

"ఏంటన్నా, తమాషాలు."

"చెప్పరా."

"లే," అన్నాడు క్రేన్ నవ్వుతూ.

లారీ రెండు చేతులతో పరుపు పట్టుకున్నాడు. మెడ నరాలు తేలాయి, నుదుట చెమట పోసింది, తొడ కండ గట్టిపడి వణికింది. పాదం అలాగే ఉంది. పక్క మంచాల వాళ్లు తలలు తిప్పి చూశారు. అతను ఆపలేదు. నర్సు, "చాలు, చాలండీ," అని భుజం పట్టుకున్నా ఆపలేదు. క్రేన్ ముఖంలోంచి నవ్వు జారిపోయి, రంగు కూడా జారిపోయింది. వాడు తన కాలి వైపు చూసుకున్నాడు. బొటనవేలు లేపి చూశాడు. లేచింది, కొంచెం, ఆలస్యంగా.

మళ్లీ లేపాడు.

"నర్సమ్మా," అన్నాడు, కళ్లు వేలి మీంచి తియ్యకుండా. "ఆ కాగితం ఇటివ్వండి. పెన్ను కూడా."